కొండెక్కిన దీపం

మన భాషకు అశుభం పలకడం ఇష్టముండదు. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. గడప దాటేవాడు "వెళ్తాను" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళొస్తాను" అని దిద్దిస్తారు. ఇంటి మట్టుకు ఈ మర్యాద అందమైనదే. దానిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే యంత్రాలతో పనిచేసే చోటికి కూడా నేను దాన్ని వెంటబెట్టుకు వెళ్ళానని, అక్కడ అది ఒక మనిషికి చేటు తెచ్చిందని చాలా ఆలస్యంగా గ్రహించాను. ఈ టపా ఆ సంగతి గురించి.

చెప్పదలచిన మాట ముందే చెప్పేస్తాను. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను మన చేతులతో, కావాలని, పట్టపగలు, పదిమంది చూస్తుండగా ఒక్కసారైనా పడగొట్టి చూడనిదే దాన్ని నమ్మదగినదని చెప్పే అర్హత మనకు లేదు. ఈ మాట వినగానే కొందరు మిత్రులు నొసలు చిట్లిస్తారని తెలుసు. ఒకప్పుడు నేనూ చిట్లించినవాణ్ణే.

పదేళ్ళ పైమాట. అప్పట్లో నేను పనిచేసిన ఒక సంస్థలో డేటాబేసు సర్వరు ఒకటి ఉండేది. లినక్సు మీద నడిచేది. ఆ విభాగానికి నేను పెద్దను. మా జట్టులోకి కొత్తగా వచ్చిన కుర్రవాడొకడు ఆ సర్వరు అమరికలన్నీ శ్రద్ధగా చదివి, ఒకరోజు నా దగ్గరికి వచ్చి అడిగాడు: "సార్, కెర్నెల్ పడిపోతే దాని మెమరీని దాచిపెట్టే ఏర్పాటు మనకు ఉందని కాగితాల్లో ఉంది. నిజంగా పనిచేస్తుందో లేదో ఒకసారి పడగొట్టి చూద్దామా?"

"శుభమా అని నడుస్తున్నదాన్ని పట్టుకుని పడగొడదామంటావేమిటయ్యా?" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వి వెళ్ళిపోయాడు. ఆ మాట అక్కడితో ముగిసిందనుకున్నాను.

కథ తరవాయి చెప్పేముందు, ఈ పడిపోవడమంటే ఏమిటో ఈ వృత్తిలో లేని మిత్రుల కోసం నాలుగు మాటలు చెప్పాలి.

కెర్నెల్ అన్న మాటకు అర్థం గింజలోపలి పప్పు. మనం వాడే ప్రోగ్రాములకూ, అడుగున ఉన్న ప్రాసెసరు, మెమరీ, డిస్కు వగైరాలకూ మధ్యవర్తి అది. మామూలు ప్రోగ్రాము ఏదైనా తనది కాని మెమరీలో చెయ్యి పెడితే కెర్నెల్ దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది, మిగిలినవి నిశ్చింతగా నడుస్తుంటాయి. మరి కెర్నెలే తప్పు చేస్తే? దానికి పైన తీర్పు చెప్పే పెద్దమనిషి ఎవరూ లేరు. చిన్న తప్పులైతే సంబంధిత ప్రోగ్రామును చంపి ఎలాగో నెట్టుకొస్తుంది. కానీ తన లెక్కల పుస్తకమే చెడిందని తెలిసిన క్షణాన దానికి రెండే దారులు. ఏమీ ఎరగనట్టు సాగిపోవచ్చు, లేదా ఉన్నచోటనే ఆగిపోవచ్చు. సాగిపోతే చెడిన లెక్కలనే డిస్కుమీద రాసి, బాగున్నదాన్ని కూడా పాడుచేసే ప్రమాదం ఉంది. అందుకని ఆగిపోతుంది. యూనిక్సు వంశంలో దీన్ని పానిక్ అంటారు, విండోస్‌లో చాలాకాలం పాటు అది అందరం ఎరిగిన నీలి తెరగా కనబడేది. మనం తిట్టుకునే ఆ నీలి తెర నిజానికి కెర్నెల్ చేసిన ఆఖరి మంచిపని. నిండుకుందని చెప్పకుండా, అయిపోయిందని ఉన్నమాట చెప్పిన క్షణం అది.

ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిపోయిందో తెలియాలి కదా. దానికొక చక్కని ఉపాయం ఉంది. 2005లో వచ్చిన 2.6.13 లినక్సు కెర్నెల్‌లో కెక్సెక్, కెడంప్ అనే రెండు సదుపాయాలు చేరాయి. వీటిని నేను మరణ వాంగ్మూలంతో పోల్చి చెబుతుంటాను. యంత్రం లేచేటప్పుడే మెమరీలో కొంత భాగాన్ని విడిగా తీసి, అందులో రెండో కెర్నెల్‌ను కూర్చోబెడతారు. మొదటి కెర్నెల్ ఆ గదిలోకి అడుగుపెట్టదు. మొదటిది పడిపోగానే, యంత్రాన్ని మొదటినుంచి లేపకుండానే రెండోది ప్రాణం పోసుకుంటుంది. పోయినదాని మెమరీ ఇంకా చెరిగిపోలేదు కాబట్టి, దాన్ని యథాతథంగా ఫైలులోకి ఎక్కించి, తర్వాత యంత్రాన్ని మామూలుగా లేపుతుంది. వాంగ్మూలం రాసుకునే మేజిస్ట్రేటు అన్నమాట. ఆ ఫైలును తెరిచి ఏ వరుసలో, ఏ పని చేస్తుండగా ప్రాణం పోయిందో తీరిగ్గా చదువుకోవచ్చు.

ఈ ఏర్పాటు పనిచేస్తుందో లేదో చూడటానికి కెర్నెల్ రాసినవాళ్ళే దారి ఉంచారు. ప్రాక్ అనే డైరెక్టరీలో సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్ అనే ఫైలు ఉంటుంది. రూట్ అధికారంతో దానిలో "సి" అన్న ఒక్క ఇంగ్లీషు అక్షరం రాస్తే చాలు, కెర్నెల్ ఆ క్షణమే కుప్పకూలుతుంది. విండోస్‌లోనూ ఇలాంటిది ఉంది. రిజిస్ట్రీలో ముందుగా అనుమతి ఇచ్చి, కుడివైపు కంట్రోల్ మీట నొక్కిపట్టి స్క్రోల్ లాక్‌ను రెండుసార్లు నొక్కితే విండోస్ కుప్పకూలుతుంది. సిస్ఇంటర్నల్స్ వారి పనిముట్లలో, రకరకాలుగా విండోస్‌ను పడగొట్టేదానికి "నాట్ మై ఫాల్ట్" అని పేరు పెట్టారు. నా తప్పు కాదు అని! ఆ పేరు పెట్టినవారికి మన ఆఫీసుల సంగతి బాగా తెలుసనిపిస్తుంది.

ఇలా కావాలని పడగొట్టడం అల్లరిపనిగా కనబడవచ్చు గాని, దీని వెనుక గట్టి చరిత్ర ఉంది. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు బార్టన్ మిల్లర్ ఒక తుఫాను రాత్రి ఇంటినుంచి టెలిఫోను లైను మీద యూనిక్సు యంత్రంతో పనిచేస్తున్నాడు. ఉరుములకు లైనులో చెత్త అక్షరాలు చొరబడుతున్నాయి. అది సహజమే. ఆ చెత్తకు పేరున్న ప్రోగ్రాములు కూడా పడిపోవడం మాత్రం ఆయనకు వింత తోచింది. దాన్నే విద్యార్థులకు పనిగా ఇచ్చాడు. ప్రోగ్రాములకు అడ్డదిడ్డమైన అక్షరాలు తినిపించి చూడమన్నాడు. 1990లో ఫలితాలు అచ్చయ్యాయి. పరీక్షించిన యూనిక్సు పనిముట్లలో నాలుగో వంతు మొదలుకొని మూడో వంతు దాకా పడిపోయాయో, కదలకుండా బిగుసుకుపోయాయో! ఏళ్ళతరబడి అందరూ నమ్మి వాడుతున్నవే అవన్నీ. ఇంతకాలం ఎవరూ వాటిని అలా అడగలేదు, అంతే.

నన్ను ఇంతకన్నా ఎక్కువ ఆలోచింపజేసింది మిషిగన్ విశ్వవిద్యాలయంలో జరిగిన రియో అనే పరిశోధన. దాని పత్రం 1996లో వెలువడింది. కెర్నెల్ పడిపోతే మెమరీలో ఉన్నది నమ్మరానిదని, డిస్కుమీదికి చేరిందే నమ్మదగినదని అప్పటిదాకా అందరి నిశ్చితాభిప్రాయం. రియో బృందం దాన్ని వాదించకుండా పరీక్షకు పెట్టింది. 13 రకాల తప్పులను కెర్నెల్‌లోకి కావాలని ఎక్కించి, ఒక్కొక్క ఏర్పాటును 650 సార్లు పడగొట్టింది. డిస్కును నమ్ముకున్న మామూలు ఏర్పాటులో సమాచారం చెడినది 7 సార్లు. మెమరీలోనే ఉంచి ఏ రక్షణా ఇవ్వనప్పుడు 10 సార్లు. మెమరీలోనే ఉంచి, కెర్నెల్ పొరపాటున రాయకుండా కాపలా పెడితే 4 సార్లు. అంటే, కాస్త కాపలా ఉన్న మెమరీ డిస్కుకు ఏమాత్రం తీసిపోలేదు! ఈ నిజం కూర్చుని తర్కిస్తే తేలేది కాదు. రెండు వేల సార్లకు దగ్గరగా పడగొడితేగాని తేలలేదు.

మన దేశానికీ ఈ కథలో వాటా ఉంది. లినక్సులో ఎల్‌కేడీటీఎం అనే మాడ్యూలు ఒకటుంది. 2006లో భారతదేశంలోని ఐబీఎం ఇంజనీర్ల చేతుల్లోంచి వచ్చింది. కెడంప్‌ను పరీక్షించడానికే దాన్ని పుట్టించారు. దాని పని కెర్నెల్‌ను కోరిన చోట, కోరిన విధంగా చంపడం. స్టాకు పొంగించి చంపవచ్చు, తాళాలు బిగించి చంపవచ్చు, లేని చిరునామాకు పంపి చంపవచ్చు. ఆ మాడ్యూలు వాడే డైరెక్టరీకి "ప్రొవోక్-క్రాష్" అని పేరు. కయ్యానికి కాలుదువ్వడమని తెనిగించుకోవచ్చు.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. నేను ఒకప్పుడు చెప్పినవే కాబట్టి వాటిని చులకన చేయను.

మొదటిది, జనం వాడుకుంటున్న యంత్రాన్ని పడగొట్టడం బాధ్యతారాహిత్యం కదా అని. వాడుకలోకి పెట్టకముందే పడగొట్టమంటాను. తర్వాతయితే ముందుగా చాటింపు వేసి, నకళ్ళు భద్రపరచి, బదులు యంత్రాన్ని సిద్ధంగా ఉంచుకుని పడగొట్టమంటాను. అంత ఏర్పాటు చేసినా ధైర్యం చాలకపోతే, ఆ యంత్రం గురించి మనకు అసలు విషయం అప్పుడే తెలిసిపోయినట్టు. బుధవారం ఉదయం పదకొండు గంటలకు అందరూ కుర్చీల్లో ఉండగా పడటానికి వీల్లేని యంత్రం, ఆదివారం రాత్రి రెండు గంటలకు ఎవరూ లేనప్పుడు పడుతుంది. ముహూర్తం మనం పెట్టాలా, అది పెట్టుకోవాలా అన్నదొక్కటే తేలవలసింది.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. మనం కావాలని చేసే చావు అసలు చావులా ఉండదు. నిజమే. ఆ "సి" అక్షరంతో వచ్చేది చాలా పద్ధతైన మరణం. నిజజీవితంలో కెర్నెల్ అంత మర్యాదగా పోదు. ఎక్కడో ఒక డ్రైవరు ఇతరుల మెమరీని గంటల తరబడి కొరికి, చివరికి సంబంధంలేని చోట కూలుతుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2001లో లినక్సు మూలాన్ని జల్లెడపడితే, మిగతా కెర్నెల్‌తో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువని తేలింది. కాబట్టి ఒక్క అక్షరం రాసి చేతులు దులుపుకుంటే చాలదు, తప్పులు ఎక్కించే పరీక్షలూ కావాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ బృందం మినిక్స్ 3ను అలాగే పరీక్షించింది. అందులో డ్రైవర్లు కెర్నెల్ బయట మామూలు ప్రోగ్రాముల్లా ఉంటాయి. లక్షలకొద్దీ తప్పులను వాటిలోకి ఎక్కించి, అవి చస్తుంటే తిరిగి పుట్టించారు. ఆ పుట్టించే భాగానికి వారు పెట్టిన పేరు పునర్జన్మ సర్వరు! అయినా ఆ పద్ధతైన మరణానికి కూడా విలువ ఉంది. ఎలా పడిందన్నది కాక, పడ్డాక లేచే దారి తెరిచి ఉందో లేదో అది చూపిస్తుంది. రోజూ నడిచే దారి కాదు కాబట్టి ఎక్కువగా ముళ్ళు మొలిచేది ఆ దారిలోనే. స్టాన్‌ఫర్డ్‌కే చెందిన జార్జ్ కాండియా, ఆర్మండో ఫాక్స్ 2003లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. ప్రోగ్రామును ఆపడానికి పడగొట్టడం తప్ప వేరే దారే ఉంచవద్దన్నారు. అప్పుడు లేచే దారి రోజూ నలుగుతుంది.

మూడోది గణితప్రియుల మాట. పరీక్షలెందుకు, తప్పు లేదని నిరూపించవచ్చు కదా అంటారు. నిరూపించారు కూడా. 2009లో ఆస్ట్రేలియాలో ఎస్ఈఎల్4 అనే చిన్న కెర్నెల్, దాని నిర్దేశానికి సరిగ్గా కట్టుబడి ఉందని గణితరీత్యా రుజువు చేశారు. గొప్ప విజయం. అయితే దానిలో ఉన్నది సుమారు 8,700 సీ వరుసలు. లినక్సు 3 కోట్ల వరుసలు ఎప్పుడో దాటిపోయింది. మనం నడుపుతున్నది రెండోదాన్ని.

వీటన్నిటికీ పైన, ఇటీవలి చరిత్ర ఒక పాఠం చెప్పింది. 2024 జూలై 19న, మన గడియారంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలకు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన విండోస్ వాడుకరులకు ఒక చిన్న ఫైలు పంపింది. కెర్నెల్‌లో ఉండే దాని డ్రైవరుకు 20 గడుల సమాచారమే అందుతుండగా, కొత్త ఫైలు 21వ గడిని చూడమంది. లేని గడిలోకి తొంగిచూసిన డ్రైవరు కెర్నెల్‌తో సహా కూలింది. అంతకుముందు జరిపిన పరీక్షల్లో ఆ 21వ గడిలో "ఏదైనా సరే" అన్న గుర్తే ఉండటంవల్ల, అక్కడ గడి లేదన్న సంగతి బయటపడలేదని ఆ సంస్థే తర్వాత ఒప్పుకుంది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు నీలి తెర వేశాయి. ఆరోజు హైదరాబాదు విమానాశ్రయంలో చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు బొమ్మ మనలో చాలామంది చూసే ఉంటారు.

చెడ్డ ఫైలును 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అయినా కోలుకోవడానికి రోజులు పట్టిందేమి? యంత్రం లేచేటప్పుడే ఆ డ్రైవరూ లేస్తుంది, లేవగానే మళ్ళీ కూలుస్తుంది. చాలా యంత్రాల దగ్గరికి మనుషులు స్వయంగా వెళ్ళి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఫైలు చెరపవలసి వచ్చింది. డిస్కుకు తాళం ఉన్నచోట తాళంచెవి అంకెలు వెతుక్కోవలసి వచ్చింది. ఆ అంకెలు దాచిన సర్వరు కూడా పడిపోయి ఉంటే ఏం చెయ్యాలో ముందుగా ఎందరు ఆలోచించి ఉంటారు? పడటానికి క్షణం పట్టింది. లేచే దారిని మాత్రం ఎవరూ నడిచి చూసుకోలేదు.

ఇక నా కథ. ఆ కుర్రవాడు అడిగిన ఏడు నెలలకు మా సర్వరు అర్ధరాత్రి పడిపోయింది. వాంగ్మూలం కోసం చూస్తే ఫైలు లేదు. ఆరు వారాల్లో మరో మూడుసార్లు పడింది. ఒక్కసారీ ఫైలు లేదు. సాక్ష్యం లేనిచోట అనుమానం రాజ్యమేలుతుంది. మొదటిసారి పడటానికి ముందురోజు సాయంత్రం ఆ సర్వరులో బ్యాకప్ వేళలు మార్చినది ఆ కుర్రవాడే. అంతకుమించి అతనికీ ఆ పడిపోవడానికీ ఏ సంబంధమూ ఎవరూ చూపించలేదు. చూపించవలసిన అవసరమూ ఎవరికీ కలగలేదు. సమావేశాల్లో అతని పేరు రాకుండానే అందరూ అతని వైపు చూసేవారు. నేనూ చూశాను. అతన్ని వేరే పనిమీదికి మార్చారు. మూడు నెలలకు ఉద్యోగం మానేశాడు.

అతను వెళ్ళాక, సిగ్గుతోనో విసుగుతోనో గాని, ఒక మధ్యాహ్నం అచ్చం అలాంటి అమరికే ఉన్న బదులు యంత్రం ముందు కూర్చుని ఆ ఒక్క అక్షరం రాశాను. తెరమీద పానిక్ వచ్చింది. రెండో కెర్నెల్ లేవబోయి, లేవకుండానే కూలిపోయింది. కారణం పది నిమిషాల్లో దొరికింది. మేజిస్ట్రేటుకు మేమిచ్చిన గది 128 మెగాబైట్లు. ఆ తర్వాత యంత్రాలకు మెమరీ పెంచాం, కొత్త డిస్కు కంట్రోలర్లు తగిలించాం. ఆ గది మాత్రం పెంచలేదు. అన్ని డ్రైవర్లనూ ఎక్కించుకునేసరికి రెండో కెర్నెల్‌కు చోటు చాలక ఊపిరాడలేదు. గది పెంచి మళ్ళీ పడగొట్టాను. ఈసారి ఫైలు వచ్చింది. అసలు సర్వరుకూ అదే మార్పు చేశాం. రెండు వారాలకు అది మళ్ళీ పడింది, ఈసారి వాంగ్మూలం ఇచ్చి మరీ పడింది. విడిచిపెట్టిన మెమరీని మళ్ళీ వాడుకుంటున్న తప్పు, కొత్త డిస్కు కంట్రోలరు డ్రైవరులో. ఆ డ్రైవరును వాడవచ్చని కాగితం మీద సంతకం పెట్టినది నేను.

అతను అడిగిన రోజున పడగొట్టి ఉంటే పది నిమిషాల పని. సర్వరు పడకుండా ఆపగలిగేవాళ్ళమని అనను, అది ఎలాగూ పడేదే. కానీ మొదటి రాత్రే తప్పు ఎక్కడుందో తెలిసేది. ఒక మనిషి మీద నీలినీడ పడకుండా ఉండేది. యంత్రాల నమ్మకత్వం అంటే ఎన్నాళ్ళు నిలబడిందన్న లెక్క ఒక్కటే అని మనం అనుకుంటాం. పడ్డప్పుడు నిజం చెబుతుందా అన్నది కూడా ఆ లెక్కలో ఉండాలి. అది చెప్పకపోతే మనుషులు కల్పించి చెబుతారు.

అతనికి ఫోను చేసి జరిగినది చెప్పాను. క్షమించమన్నాను. కాసేపు ఊరుకుని, "పర్వాలేదు సార్" అన్నాడు. పర్వాలేదన్న మాట కూడా నిండుకున్నాయన్న మాట లాంటిదేనని నాకు ఆరోజు తెలిసింది.

అప్పటినుంచి మా జట్టులో ఒక నియమం పెట్టుకున్నాం. కొత్త యంత్రం ఏదైనా పనిలోకి దిగేముందు అందరం చుట్టూ చేరతాం. జట్టులో అందరికంటే చిన్నవాళ్ళ చేత ఆ అక్షరం రాయిస్తాం. వాంగ్మూలం వచ్చిందో లేదో, వచ్చినది తెరిచి చదవగలుగుతున్నామో లేదో, యంత్రం తనంత తాను లేచిందో లేదో చూస్తాం. మెమరీ మార్చినా, కెర్నెల్ మార్చినా మళ్ళీ అదే తంతు. మొదట్లో కొందరు ముఖం ముడుచుకునేవారు, ఇప్పుడు అదొక చిన్న వేడుకలా ఉంటుంది.

మిత్రులారా, సర్వర్లు మీకు లేకపోవచ్చు. ఏళ్ళతరబడి రాసుకున్న రాతలు మాత్రం మనందరికీ ఉన్నాయి. వాటికి నకలు దాచానని మీరనుకుంటున్న చోటినుంచి ఒక్క ఫైలునైనా ఎప్పుడైనా వెనక్కి తెచ్చి చూశారా? చూడకపోతే ఈ ఆదివారం చూడండి. ఏం జరిగిందో వ్యాఖ్యల్లో రాయండి, నిండుకుందని కాకుండా ఉన్నది ఉన్నట్టు.